నది చదివే వరస

పన్నెండున్నరకి మందుల షాపులో నాకు అరగంట విరామం.
డబ్బా పట్టుకుని, గోధుమల లారీకి దారిచ్చి,
రోడ్డు దాటి స్మారకం దగ్గర కూర్చుంటాను.
భక్తి అనుకునేరు,
ఈ గట్టు మీద జామాయిల్ చెట్టు నీడ అక్కడే పడుతుంది.

ముర్రే నది ఇక్కడ వెడల్పు, టీ రంగు, తొందర లేనిది.
ఆవలి ఒడ్డు ఇంకో రాష్ట్రం.
రాయికి మూడు వైపులా పేర్లు, నాలుగో వైపు నీళ్ళు.
ఇంటిపేరు ముందు, పేరు తర్వాత,
అచ్చం మన పద్ధతే.
ఈ ఊళ్ళో మొదటి నెల
నాకు తెలిసినట్టనిపించింది అదొక్కటే.

అబట్. బీమన్.
వరసగా ముగ్గురు క్రాడక్‌లు.
అన్నదమ్ములో, పినతండ్రి బిడ్డలో, రాయి చెప్పదు.
పెరుగన్నం తింటూ పెదాలతో చదువుకునేదాన్ని
చివరి యోమన్ దాకా.
యోమన్ కింద జానెడు ఖాళీ.
ఖాళీ కింద, నేలకి బెత్తెడు ఎత్తున,
పార్‌ఫిట్, నోయెల్.

ప కి అక్కడేం పని?
వాళ్ళ అక్షరాల్లో అయినా, మన అక్షరాల్లో అయినా
య కంటే ముందు కదా రావాలి.
చెక్కినవాడు మర్చిపోయి
ఆఖర్న ఇరికించాడనుకున్నాను.

బెవ్ పార్‌ఫిట్ బీపీ మాత్రలకి మంగళవారం వస్తుంది.
ఆ మంగళవారం షాపుకి కాదు, రాయి దగ్గరికొచ్చింది
బకెట్టుతో, అరిగిన టూత్‌బ్రష్‌తో.
అడగకముందే చెప్పింది.
తమ్ముడు. వియత్నాం నుంచి డెబ్భైలో వచ్చాడు
ఒంటి మీద గీతైనా పడకుండా.
నాలుగేళ్ళకి ఒక ఆదివారం
బూట్లు గట్టున విప్పి, లేసులు లోపలికి దోపి,
ఇదిగో, ఇక్కడే,
నీళ్ళలోకి నడిచాడు.

"యుద్ధంలో పోయినవాళ్ళకే" అంది కమిటీ.
"వాడు ఎక్కడ పోయాడో మీరు చూశారా?" అంది బెవ్.
నలభై ఒక్క ఏళ్ళు అదే మాట అంది.
అధ్యక్షులు ఒక్కొక్కరే పోయారు.
ఈమె పోలేదు.
ఒప్పుకునే నాటికి
రాతి మీద చోటు అడుగున మాత్రమే మిగిలింది.

మా భాషలో ఆశ వదులుకోవడాన్ని
నీళ్ళొదులుకోవడం అంటారని చెప్పబోయాను.
పోయినవాళ్ళకి వదిలేదీ నీళ్ళే.
వదులుకోవడానికీ, వదలకపోవడానికీ
అవే నీళ్ళు ఎలా సరిపోతాయో
వివరించేంత ఇంగ్లీషు నాకుంది గానీ
అరగంటలో పదకొండు నిమిషాలే మిగిలాయి.

రాయి మీద ఒక మట్టి గీత, నా మోకాలి ఎత్తున.
రెండేళ్ళ కిందటి వరద ఆగిన చోటు.
యోమన్‌ని దాటి, ఇంకో ఇద్దరిని తడిపి వెనక్కి తగ్గిందట.
"నీళ్ళొస్తే ముందు తడిసేది వీడే" అంది బెవ్,
వాతావరణం గురించి చెప్పినట్టు.

మనమంతా పైనుంచి కిందికి చదువుతాం.
వచ్చిన ప్రతిసారీ నది
కిందినుంచి మొదలుపెడుతుంది.
దానికి వరస తప్పలేదు.
తను తీసుకున్నవాడి పేరు
తనకి అందేటట్టే ఉంది.

బెవ్ మోకాళ్ళు వంగవు. ఆ సంగతి ఆమె చీటీల్లో
నేనెప్పుడో చదివాను.
బ్రష్ తీసుకుని కింద కూర్చున్నాను.
ఎండిన బురద, ఒక చీమ, చిన్న నత్తగుల్ల.
ఎన్ లో గీతలు, ఓ లో గుండ్రం.
ఇంటిపేరు చివర రెండు టీలు
పక్కపక్కన,
గట్టున విప్పి పెట్టిన జతలా.
వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఉన్నాను.
ఆమె చూడలేదు, లేదా చూసి ఊరుకుంది.

ఒంటిగంటకి షాపు.
చేతులు కడగకుండా మాత్రలు లెక్కపెట్టకూడదు.
రెండుసార్లు కడిగాను.
బెవ్ సంచి మీద పేరు రాస్తుంటే
రెండో టీ దగ్గర
పెన్ను ఆగింది.